సోలార్ పలకల మీద కంటికి కనబడని కళాయి

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేటా ఈ సభలో మమ్మల్ని చదువు గురించి మాట్లాడమంటారు. ఈసారి కరెంటు గురించి మాట్లాడమన్నారు. దానికి కారణం అందరికీ తెలిసిందే. మన షాదీఖానా కప్పు మీద సోలార్ పలకలు పెట్టించుకున్నాము. మొన్న ఒక కంపెనీ మనిషి వచ్చి, ఈ పలకల మీద 'నానో' మందు పూస్తే కరెంటు బాగా పెరుగుతుందని, దుమ్ము అంటుకోదని, ఇక కడగవలసిన పనే ఉండదని చెప్పినాడు. ఒక గాజు ముక్క మీద నీళ్ళు పోసి చూపించినాడు. నీటిబొట్లు ముత్యాల మాదిరిగా దొర్లి కింద పడ్డవి. చూసిన వాళ్ళంతా వాహ్ అన్నారు. సంఘం డబ్బు, అంటే మీరు నెలనెలా ఇచ్చే చందా డబ్బు, దానికి పెట్టవచ్చునా లేదా అన్నది ఇప్పుడు కార్యవర్గం ముందున్న ప్రశ్న. మాస్టరు సైన్సు చెప్తాడు గదా, ఆయననే అడుగుదామన్నారు. మేము చెప్పేది ఉర్దూ మీడియం బడిలో కాబట్టి, నడుమ ఉర్దూ మాటలు దొర్లితే పెద్దలు ఏమీ అనుకోవద్దని మనవి.

మొదట ఒక మాట. ఆ మనిషి చూపించింది మోసం కాదు. నానో పూతలు నిజంగా ఉన్నవి, పనిచేస్తవి కూడా. అయితే వాటిలో అన్నిటికంటె విలువైన పూతలు మన పలకలను కొన్ననాడే, కార్ఖానాలోనే పూసి వచ్చినవి. మనం వాటికి వేరుగా డబ్బు ఇవ్వలేదు కాబట్టి అవి ఉన్నట్టే మనకు తెలియదు. తెలియనందువలన రేపు ఎవరో ఒకరు బూడిద, పీచు పట్టుకొని పోయి వాటిని గీకి పారేస్తారేమోనన్నదే మా భయం.

నానో అంటే ఏమిటి? ఒక మీటరును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఒక నానోమీటరు. మనిషి వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు ఉంటుంది. మన చేతి గోరు ఒక సెకండులో పెరిగేది సుమారు ఒక నానోమీటరు. అంటే మేము ఈ వాక్యం ముగించే లోపల మీ గోర్లు అయిదారు నానోమీటర్లు పెరిగి ఉంటవి. మనం మాట్లాడుకునే పూతలు 10 నుండి 150 నానోమీటర్ల మందం గలవి. ఇంత పల్చటి పూత కరెంటును ఎట్ల పెంచుతుంది? దానికి వెలుగు సంగతి కొంచెం తెలుసుకోవాలె.

ఎనిమిదో తరగతి పిల్లలకు మేము చేసి చూపించే ప్రయోగం ఒకటి ఉన్నది. ఒక్క గాజు పలకను తెల్ల కాగితం మీద పెడితే కాగితం తెల్లగనే కనబడుతుంది. పది పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి గుండా ఎండను చూడండి, మసకబారుతుంది. గాజులో మురికి ఏమీ లేదు. గాలి, గాజు కలిసే ప్రతిచోటా వెలుగులో 4 శాతం వెనక్కి మళ్ళుతుంది. ఒక గాజుకు రెండు ముఖాలు, పది గాజులకు ఇరవై ముఖాలు. ఇరవై చోట్ల సుంకం కట్టి వచ్చేసరికి ఎండ దాదాపు సగమే మిగులుతుంది. ఈ వెనక్కి మళ్ళడాన్ని తెలుగు పుస్తకంలో పరావర్తనము అంటారు. మా పిల్లలు 'ఇన్‌ఇకాస్' అంటారు. ఈ ఉర్దూ మాటల వెనుక మన హైదరాబాదు శ్రమ చాలా ఉన్నది. 1917లో ఉస్మానియా కోసం దారుల్ తర్జుమా పెట్టి సైన్సు గ్రంథాలకు ఉర్దూ పదాలు కూర్చిన తరం అది.

వెలుగు అద్దం మీద పడి ఎట్ల మళ్ళుతుంది, కంటికి ఎట్ల చేరుతుంది అన్నది సుమారు 1000 సంవత్సరాల క్రితం బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్నుల్ హైతమ్ ప్రయోగాలు చేసి రాసినాడు. ఆయన గ్రంథం పేరు 'కితాబుల్ మనాజిర్'. దీనిని చెప్పగానే కొందరు, అన్నీ మనవాళ్ళు అప్పుడే కనిపెట్టినారని సంతోషపడతారు. మేము ఆ మాట ఒప్పుకోము. నానో పూత సంగతి ఆయనకు తెలియదు, తెలిసే వీలూ లేదు. చెప్పిన మాట నిజమో కాదో చేసి చూడాలె అన్న పద్ధతి మాత్రం ఆయన దగ్గర ఉన్నది. ఆ కంపెనీ మనిషి విషయంలో మనకు పనికివచ్చేది అదే.

ఇక పలక సంగతి. పైన గాజు ఉంటుంది. దాని కింద అంటుకునే జిగురు పొర, దాని కింద సిలికాన్ బిళ్ళలు. వెలుగు సిలికానులోకి చేరితేనే కరెంటు. సిలికాన్ బిళ్ళ పుట్టుకతో నీలంగా గాని నల్లగా గాని ఉండదు. బూడిద రంగులో అద్దం మాదిరి మెరుస్తుంది. అట్లనే వాడితే పడ్డ ఎండలో దాదాపు మూడో వంతు వెనక్కి కొడుతుంది. అందుకని దాని మీద సిలికాన్ నైట్రైడ్ అనే పదార్థాన్ని సుమారు 75 నానోమీటర్ల మందాన పూస్తారు. పాత పలకలు నీలంగా కనబడేది ఆ పూత వల్లనే. కొత్త పలకలు నల్లగా ఉండడానికి కారణం, ఆ పూతతో పాటు బిళ్ళ ముఖం మీద కంటికి కనబడని గోపురాలు చెక్కడం. ఒకసారి మళ్ళిన వెలుగు పక్క గోపురానికి తగిలి మళ్ళీ లోపలికే పోతుంది.

75 అన్న లెక్క ఎక్కడి నుండి వచ్చిందని మీలో చదువుకున్న పిల్లలు అడగాలె. వెలుగు అల మాదిరిగా నడుస్తుంది. 600 నానోమీటర్ల అల ఈ పూతలోకి రాగానే కుంచించుకొని సుమారు 300 అవుతుంది. అందులో నాలుగో వంతు 75. పూత పైముఖం నుండి కొంత వెలుగు మళ్ళుతుంది, అడుగు ముఖం నుండి కొంత మళ్ళుతుంది. అడుగు నుండి మళ్ళినది పోను 75, రాను 75 అదనంగా నడుస్తుంది. అంటే సగం అల వెనుకబడుతుంది. అప్పుడు మొదటి దాని ఎత్తు మీద రెండవ దాని పల్లం వచ్చి పడుతుంది. ఊయలను ఒకరు ముందుకు తోసే క్షణంలోనే మరొకరు వెనక్కి తోస్తే ఊయల కదలదు గదా, అట్లనే మళ్ళే వెలుగు అణగిపోతుంది. అణగిన వెలుగు మాయం కాదు, అది లోపలికే పోతుంది. వాన పడ్డాక మన బస్టాండులో నీళ్ళ మీద పెట్రోలు చుక్క పడితే రంగులు కనబడతవే, సబ్బు బుడగ మీద రంగులు ఆడతవే, అదంతా ఇదే లెక్క.

దీనిని మొదట గమనించినది ఇంగ్లండుకు చెందిన లార్డ్ రేలీ. 1886లో ఆయన చూసినదేమనగా, కొత్త గాజు కంటె పాతబడి పొర పట్టిన గాజు గుండానే వెలుగు ఎక్కువ పోతున్నది! ఆ పొరే మనం చెప్పుకునే పూత, కాలం తానే పూసింది. తరువాత 1938లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో కాథరిన్ బ్లాడ్జెట్ అనే శాస్త్రజ్ఞురాలు ఒక్కొక్క అణువంత పొరను గాజు మీద పేర్చుకుంటూ పోయి, మెరుపు బొత్తిగా లేని గాజును తయారు చేసింది. మా ఆడపిల్లలకు ఈ పేరు మేము తప్పకుండా చెప్తాము. అయితే ఆ పూతలో ఒక లోపం ఉండె. మెత్తగా ఉండేది, రుద్దితే ఊడిపోయేది. పూత పూయడం ఒక విద్య, అది నిలవడం మరొక విద్య.

ఈ రెండవ విద్య మన ఇండ్లలో అందరికీ తెలిసినదే. ఇదివరకు వీధిలో కళాయి వేసే మనిషి వచ్చేవాడు. రాగి దేగ్చీని నిప్పుల మీద కాల్చి, నవసాగరం చల్లి, తగరం ముక్క అద్ది, దూదితో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా వెండి మాదిరి అయ్యేది. దేగ్చీ రాగిదే, బరువు పెరగలేదు. ఆ పల్చటి పొర వల్ల చింతపండు పులుసు వండినా చిలుము విషం కాలేదు. ఇక్కడ గమనించవలసినది నిప్పు. కాల్చకుండా తగరం రుద్దితే అది అంటదు. కాల్చి వేసిన కళాయి కూడా ఇసుక పెట్టి బరబరా తోమితే ఆర్నెల్లకే పోతుంది.

సోలార్ గాజు మీద పూత కూడా అచ్చం ఇట్లాంటిదే. గాలికి, గాజుకు నడుమ పొత్తు కుదిర్చే పదార్థం కావాలె. లెక్క ప్రకారం దాని వక్రీభవన గుణకం 1.22 దగ్గర ఉండాలె. గాజుది 1.5, గాలిది 1. గట్టి పదార్థాలలో అంత తక్కువ గుణకం గలది వాడుకకు దొరకదు. అందువలన శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం చేసినారు. ఇసుకలోని సిలికానే తీసుకొని, దానిని ఖమీరీ రొట్టె మాదిరిగా లోపల రంధ్రాలు పడేటట్టు తయారు చేసినారు. రంధ్రాలలో గాలి ఉంటుంది. సగం సిలికా, సగం గాలి అయ్యేసరికి లెక్క కుదిరింది. ముందుగా ఈ సిలికా కణాలను ద్రవంలో పాలవలె కలుపుతారు. అది ఆరుతూ పాయసం మాదిరి చిక్కబడి గట్టిపడుతుంది. దీనినే సోల్-జెల్ పద్ధతి అంటారు. కార్ఖానాలో రోలరుతో గాజు మీద సుమారు 100 నుండి 150 నానోమీటర్ల మందాన పూసి, ఆ గాజును 600 డిగ్రీలకు పైబడ్డ కొలిమిలోకి పంపుతారు. గాజు గట్టిపడడమూ, పూత గాజును పట్టుకోవడమూ ఆ ఒక్క మంటలోనే జరుగుతవి. ఫలితం ఏమిటంటే, గాజు మీద పోయే 4 శాతంలో 2, 3 శాతం తిరిగి మన చేతికి వస్తుంది.

బిళ్ళ వెనుక భాగాన కూడా నానో పొరలు ఉన్నవి. వెలుగు తట్టిలేపిన ఎలక్ట్రానులు అంచుల దగ్గర పట్టుబడి నష్టపోకుండా అల్యూమినియం ఆక్సైడుతో 10 నానోమీటర్ల మేర పొర వేస్తారు. ఈమధ్య వచ్చే టాప్‌కాన్ రకంలో అయితే ఒకటి రెండు నానోమీటర్ల ఆక్సైడు పొర ఉంటుంది. పదిహేనేండ్ల క్రితం పలక మీద పడ్డ ఎండలో 15 శాతం కరెంటుగా మారితే గొప్ప. ఇప్పుడు బజారులో 21, 22 శాతం పలకలు దొరుకుతున్నవంటే ఇట్లాంటి పొరలే పెద్ద కారణం. వీటిని మనం చేసేది ఏమీ లేదు, పాడు చేయగలిగినదీ లేదు. మన చేతికి అందేది పైనున్న గాజు పూత ఒక్కటే.

ఇప్పుడు దుమ్ము సంగతికి వస్తాము. దుమ్ము ఎంత నష్టమో చెప్పే పని గుజరాతులోని ఐ.ఐ.టి. గాంధీనగర్ శాస్త్రజ్ఞులు, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు కలిసి చేసినారు, 2017లో ప్రకటించినారు. అక్కడ కొన్ని వారాలకొకసారి పలకలు కడిగేవారు. కడిగిన ప్రతిసారీ కరెంటు ఒక్కసారిగా 50 శాతం పెరిగేది. అంటే కడగడానికి ముందు ఎంత పోతున్నదో ఆలోచించండి! మన ఊరు గుజరాతంత దుమ్ము ఊరు కాకపోవచ్చు. అయినా దసరా దాటినాక మళ్ళీ మృగశిర కార్తె దాకా మనకు వాన తక్కువ. పల్లికాయ మార్కెట్టుకు వచ్చే రోజుల్లో యార్డు చుట్టుపక్కల ఇండ్ల కప్పుల మీద వేలితో పేరు రాయవచ్చు. పైగా మన్ను దుమ్ము ఊరికే కూర్చోదు. తెల్లవారుజామున మంచు పడి, అది తడిసి, ఎండకు ఆరి, సిమెంటు మాదిరి పట్టుకుంటుంది.

దీనికి విరుగుడు ఎక్కడ దొరికిందంటే, చెరువులో. తామరాకు మీద నీటిబొట్టు అంటారు గదా మన పెద్దలు. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో బార్ట్‌లాట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఆకులను పెట్టి చూస్తూ వచ్చినాడు. 1997లో ఆయన, తోటి శాస్త్రజ్ఞుడు కలిసి తామరాకు శుభ్రత రహస్యాన్ని వివరంగా ప్రకటించినారు. ఆకు నున్నగా ఉండడం వల్ల నీరు జారడం లేదు, గరుకుగా ఉండడం వల్ల జారుతున్నది! ఆకు నిండా చిన్న చిన్న బుడిపెలు, బుడిపెల మీద ఇంకా చిన్న మైనపు నూగు ఉంటుంది. నీటిబొట్టు ఆ నూగు కొనల మీద మాత్రమే నిలబడుతుంది. కింద గాలి ఉంటుంది. అందుకే గుండ్రంగా దొర్లుతూ, దారిలో దుమ్మును కూడా చుట్టుకొని పోతుంది. గాజు మీద అటువంటి గరుకును నానో కణాలతో తెస్తే అదే తామరాకు పూత. ఆ కంపెనీ మనిషి చూపించింది ఈ రకమే.

రెండవ రకం దీనికి సరిగ్గా తలక్రిందులు. టైటానియం డయాక్సైడు అనే తెల్లని పదార్థం పూస్తే నీరు బొట్టు కట్టదు, పొరగా పరుచుకొని గాజునంతా తుడుచుకుంటూ పోతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే ఆ పదార్థం నూనె, పొగ వంటి జిడ్డును తానే విరగ్గొడుతుంది కూడా. ఈ పదార్థం వెలుగులో చూపే ప్రతాపాన్ని 1972లో జపాను శాస్త్రజ్ఞులు ఫుజిషిమా, హోండా చూపించినారు. తమను తాము శుభ్రం చేసుకునే కిటికీ గాజులు 2001 నుండి బజారుకు వచ్చినవి.

ఈ పని మన దగ్గర కూడా జరుగుతున్నదని చెప్పడానికి సంతోషంగా ఉన్నది. అచ్చంపేట నుండి హైదరాబాదు పోయే బస్సు పట్నంలోకి చేరే వైపే, బాలాపూర్‌లో ఎ.ఆర్.సి.ఐ. అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఉన్నది. 1997లో ఏర్పడింది. లోహపు పొడులు, కొత్త పదార్థాలు దాని పని. అక్కడి శాస్త్రజ్ఞులు సౌర పరికరాల గాజులకు మెగ్నీషియం ఫ్లోరైడు సూక్ష్మకణాలతో మెరుపు తగ్గించే పూతను, సోలార్ పలకలకు సులభంగా కడుక్కునే పూతను తయారు చేసినారు. ఆ రెండవ దానికి వారు పెట్టిన పేరును గమనించండి. 'సులభంగా శుభ్రం అయ్యేది' అన్నారు గాని 'కడగనక్కరలేనిది' అనలేదు. ఆ పదార్థం తయారు చేసినవారే అంతవరకే చెప్పినప్పుడు, అమ్మేవాడు ఇంకో అడుగు ముందుకు వేస్తే మనం నమ్మవలసిన పని లేదు.

ఎందుకంటే దొర్లడానికి నీటిబొట్టు కావాలె గదా. తామరాకు చెరువులో ఉన్నది. మన షాదీఖానా మీద నవంబరు నుండి మే దాకా బొట్టు ఎక్కడిది? నీరు లేనిచోట తామరాకు పూత మీద కూడా దుమ్ము నిలుస్తుంది. మనం నీళ్ళు పోస్తేనే పోతుంది. కాకపోతే తక్కువ నీటితో, రుద్దకుండా పోతుంది. లాభం అంతవరకే. అది తక్కువ లాభం కాదు, అట్లని ఇంట్లో కూర్చుంటే జరిగే లాభం కాదు.

రెండవ సంగతి, నిప్పు. కార్ఖానా పూత 600 డిగ్రీల కొలిమి చూసి వచ్చింది. కప్పు మీద చిలకరించే పూత ఎండకు ఆరుతుంది, అంతే. ఆ నానో నూగు దుమ్ము రాపిడికి, కోతుల కాళ్ళకు, మన గుడ్డకు ఎన్నాళ్ళు ఆగుతుందో అమ్మేవాడు రాసి ఇయ్యాలె. ఇంకొకటి, పలకల కంపెనీ ఇచ్చిన పాతికేండ్ల గ్యారంటీ కాగితంలో గాజు మీద వేరే పదార్థం పూయవచ్చునని ఉన్నదా? లేకపోతే రేపు పలక పాడైతే వాళ్ళు చేతులెత్తేస్తారు. పూత పూసేముందు పలకల కంపెనీ నుండి ఉత్తరం తెప్పించుకోవలెనని కార్యవర్గానికి మా మనవి.

లెక్క కూడా చూద్దాము. మన సభ్యులలో కొందరు 2024లో వచ్చిన పి.ఎం. సూర్యఘర్ పథకం కింద ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టించుకున్నారు. 78,000 రూపాయల సబ్సిడీ వచ్చే రకం. మన ఎండకు 3 కిలోవాట్లు సగటున రోజుకు 12 యూనిట్లు ఇస్తవి. సంవత్సరానికి 4,380. పూత వల్ల 3 శాతం నిజంగానే పెరిగిందనుకున్నా 131 యూనిట్లు. యూనిట్ 5 రూపాయలనుకుంటే 655 రూపాయలు. పూతకు ఇంటికి అయ్యే ఖర్చును ఈ 655 పక్కన పెట్టి, ఎన్నేండ్లకు తీరుతుందో, పూత అన్నేండ్లు ఉంటుందో లేదో ఎవరి ఇంటి లెక్క వారు చూసుకోండి. ఆ కంపెనీ మనిషి 'బాగా పెరుగుతుంది' అన్నాడు గాని, కడిగిన పలక కంటె పెరుగుతుందా, ఏడాది కడగని పలక కంటె పెరుగుతుందా అన్నది చెప్పలేదు. ఏడాది కడగని పలకను ఒక బిందె నీళ్ళతో కడిగినా కరెంటు పెరుగుతుంది.

అమ్మలు, అక్కలు ఈ మాట కొంచెం శ్రద్ధగా వినాలె, కప్పు మీదికి పోయేది ఎక్కువగా మీరే కాబట్టి. పలకలను బూడిదతో, గిన్నెలు తోమే పౌడరుతో, స్టీలు పీచుతో, కొబ్బరి పీచుతో రుద్దవద్దు. వెంట్రుకలో ఎనిమిది వందల వంతు ఉన్న పూత అది, నాలుగు రుద్దులకు గీతలు పడుతుంది. మెత్తటి గుడ్డ, మామూలు నీళ్ళు చాలు. తెల్లవారుజామున గాని పొద్దుగూకినాక గాని కడగండి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న గాజు మీద చన్నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదం ఉన్నది. మన బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు. ఆరితే తెల్లటి మచ్చలు నిలుస్తవి, అవి దుమ్ము కంటె మొండివి. కాబట్టి వాన నీళ్ళు పట్టి ఉంచుకుంటే మంచిది, లేకపోతే బోరు నీళ్ళు పోసిన వెంటనే గుడ్డతో తుడిచేయండి. పలకల మీద కాలు మోపవద్దు. వైర్ల జోలికి పోవద్దు, పగలు వాటిలో కరెంటు ఆగదు.

పావురాల సంగతి వేరే చెప్పాలె. మసీదు మీనారు పక్కనే ఉన్న ఇండ్ల వాళ్ళకు ఇది తెలుసు. దుమ్ము పలకంతా సమంగా పరుచుకుంటుంది. పావురం రెట్ట ఒక బిళ్ళనే మూసేస్తుంది. బిళ్ళలు గొలుసు మాదిరి వరుసగా కట్టి ఉంటవి కాబట్టి, ఒక బిళ్ళ అడ్డుపడితే ఆ వరుస కరెంటే తగ్గుతుంది, ఆ బిళ్ళ వేడెక్కి దెబ్బతింటుంది. దీనికి ఏ నానో పూతా పూర్తి మందు కాదు. చూసిన రోజే తడిపి తుడవడమే మందు. కోతులకు మందు మా సైన్సులో లేదు.

ఇంతవరకు చెప్పింది విని, మాస్టరు పూతకు వ్యతిరేకమని అనుకోవద్దు. పూత నిజంగా అక్కరకు వచ్చే చోటు ఒకటి మన దగ్గరనే ఉన్నది. 2025 మే నెలలో మన పక్కన అమ్రాబాద్ మండలం మాచారంలో రాష్ట్ర ప్రభుత్వం ఇందిర సౌర గిరి జల వికాసం అనే పథకాన్ని ప్రారంభించింది. అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు పొందిన గిరిజన రైతులకు బోరు వేసి సోలార్ పంపు పెట్టే పథకం. రాష్ట్రమంతటా 6 లక్షల ఎకరాలకు నీరు ఇవ్వాలని, 12,600 కోట్ల రూపాయలు ఖర్చు చేయాలని ప్రకటించినారు. నల్లమల లోపలి చేన్లకు స్తంభాలు పాతి కరెంటు తీగలు గుంజడం ఎంత కష్టమో మీకు తెలుసు.

షాదీఖానా మీద పలక 5 శాతం తక్కువ ఇస్తే, ఆ కొరత లైన్ కరెంటు తీరుస్తుంది. బిల్లులో నాలుగు రూపాయలు తేడా వస్తుంది. అడవి చేనులో సోలార్ పంపుకు ఆ ఆదరువు లేదు. పలక ఎంత ఇస్తే అంతే నీరు. పలక మసకబారితే పంపు పొద్దున ఆలస్యంగా అందుకుంటుంది, సాయంత్రం తొందరగా ఆగుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో, మొక్కకు నీరు కావలసిన రోజుల్లోనే దుమ్ము ఎక్కువ ఉంటుంది. ఆ పలక కడగడానికి పోసే నీళ్ళు కూడా ఆ బోరులో నుండే రావాలె. తక్కువ నీటితో శుభ్రమయ్యే పూత విలువ అక్కడ మన దగ్గరి కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. కార్ఖానాలోనే కొలిమి చూపించి అటువంటి పూత వేసిన పలకలను ఆ పంపులకు ఇవ్వాలె. అడిగే చోట మన సంఘం పెద్దలు కూడా ఒక మాట అడగవచ్చును. ఆ రైతులు మన అచ్చంపేట సంతకు వచ్చేవారే, మన దుకాణాలలో కొనేవారే.

ఇక కార్యవర్గం ప్రశ్నకు మా జవాబు. ఈ సంవత్సరం షాదీఖానా పలకలకు ఆ మందు పూయించవద్దు. ముందు పరీక్ష చేద్దాము. పెద్ద పలకల తీగలు ఊడదీయడం ప్రమాదం కాబట్టి వాటిని ముట్టవద్దు. 20 వాట్ల చిన్న పలకలు, ఒకే కంపెనీవి రెండు కొందాము. కంపెనీ మనిషిని పిలిచి మన ముందరనే ఒకదానికి పూయమందాము. రెండింటినీ షాదీఖానా కప్పు మీదనే, ఒకే వాలుగా పక్కపక్కన పెడదాము. నెలకొకసారి, మబ్బు లేని రోజు, పగలు 12 గంటలకు మా పదో తరగతి పిల్లలు బడి మల్టీమీటరుతో రెండింటి కరెంటు కొలుస్తారు. తరువాత రెండింటినీ చెరొక చెంబు నీళ్ళతో కడిగి, తుడిచి, మళ్ళీ కొలుస్తారు. కడగకముందు ఎంత, కడిగినాక ఎంత, పూతది ఎంత, పూత లేనిది ఎంత అన్న నాలుగు అంకెలు సంఘం నోటీసు బోర్డు మీద నెలనెలా రాసి పెడతాము. ఒక వానాకాలం, ఒక చలికాలం, ఒక ఎండాకాలం గడవాలె. వచ్చే సర్వసభ్య సమావేశం నాటికి పన్నెండు వరుసల పట్టిక మీ ముందు ఉంటుంది, దానిని చూసి తీర్మానం చేయండి. రెండు పలకల ఖర్చు సంఘం ఇవ్వాలె, మీటరు బడిలో ఉన్నది, మెట్లెక్కే పిల్లలు అదిగో వెనుక నిలబడి ఉన్నారు.